ఒకే వాలుగ, రెండు గాలాలు

మా అన్నయ్యకు బీపీ బాగా పెరిగిందని తేలాక, నరసరావుపేటలో డాక్టరు మాత్రలు రాసిచ్చి, రాజకీయాలు తగ్గించుకుని మనసుకు ప్రశాంతంగా ఉండే అలవాటేదైనా చేసుకోమన్నాడు. ఆ డాక్టరు మా వైపుకు కొత్తగా వచ్చినట్టున్నాడు. రాజకీయాలు తగ్గించమనడం మా అన్నయ్యకు అన్నం తగ్గించమన్నట్టే. అయినా ఒకసారి సర్పంచిగా చేసిన మనిషి కాబట్టి, ఎదుటివాళ్ళ మాట విన్నట్టు కనిపించడం ఆయనకు బాగా తెలుసు. వారం రోజులు ఆలోచించి చేపలు పట్టడం మొదలుపెడతానన్నాడు. గురజాల దగ్గర మా పుట్టింటి ఊళ్ళో కాలవకు నీళ్ళొస్తేనే చెప్పుకునే విషయం. చేపలుండేంత నీళ్ళు ఉన్నది మా ఇంటి దగ్గర. అట్లా ఆయన ప్రశాంతత నా మీద పడింది.

నేను ఉండేది బెల్లంకొండ మండలంలో, పులిచింతల నీళ్ళ ఒడ్డున కట్టిన కాలనీలో. నేను కాపురానికి వచ్చిన ఊరు ఇప్పుడు ఆ నీళ్ళ అడుగున ఉంది. పాత ఊరి రోడ్డు మాత్రం ఇంకా ఉంది. కాలనీ దాటి, కంపచెట్ల మధ్య నుంచి తిన్నగా దిగి, ఎవరో పిలిచినట్టు నీళ్ళలోకి వెళ్ళిపోతుంది. కొత్తవాళ్ళు ఈ రోడ్డు ఎటు పోతుందని అడిగితే మా ఆయన "మా ఇంటికే" అని చెబుతాడు. రోడ్డు నీళ్ళను తాకే చోట పక్కనే ఒక పెద్ద బండ ఉంది. అన్నయ్య దాన్ని చూసి తన కోసమే వేసినట్టుందని మెచ్చుకున్నాడు.

చలికాలంలో ఆ నీళ్ళ సంగతి వేరు. వరద బురద అడుక్కు దిగి నీరు తేటపడుతుంది. తెల్లవారాక ఎండ కోసం పరిగెల్లాంటి చిన్న చేపలు గుంపులుగా ఒడ్డుకు వస్తాయి. వాటి కోసం లోతులో నుంచి వాలుగలు వస్తాయి. పొలుసు లేని ఒళ్ళు, రెండు పొడుగాటి మీసాలు, చెవుల దాకా చీలిన నోరు, నోటి నిండా పళ్ళు. చూడ్డానికి ఎన్నికల ముందు ఇంటికొచ్చి నవ్వే మనిషిలా ఉంటుంది. అన్నయ్య వాలుగ తప్ప ఇంకేదీ పట్టనన్నాడు. జెల్లలూ గురకలూ ఆయన హోదాకు తక్కువ.

మొదటి ఆదివారం ఆయన వెదురు గాలం కారు కిటికీలోంచి బయటికి పెట్టుకుని వచ్చాడు. నేను ఎలిమెంటరీ స్కూల్లో టీచర్ని. వారమంతా పిల్లల అరుపుల్లో ఉండి ఆదివారం పొద్దున దుప్పట్లో ఉండటం నాకున్న ఒకే ఒక్క ప్రశాంతత. అది అన్నయ్య ప్రశాంతతకు అడ్డమొచ్చింది గనక పోయింది. పెసరట్లు పోసి, ఫ్లాస్కులో టీ పోసి పంపాను. సాయంత్రానికి ఆయన ఏమీ పట్టకుండా, చాలా సంతోషంగా తిరిగొచ్చాడు. ఆ ఒక్క రోజు డాక్టరు చెప్పింది నిజమేనేమో అనిపించింది.

రెండో ఆదివారం మా తమ్ముడు కూడా వచ్చాడు.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. మా అన్నయ్యకూ తమ్ముడికీ మాటల్లేవు. ఒకే వీధిలో ఎదురెదురు ఇళ్ళు, ఒకే పార్టీ. అయినా మాటల్లేవు. ఆస్తి గొడవా అంటే కాదు, గట్టు గొడవా అంటే కాదు. ఊళ్ళో సిమెంటు రోడ్డు ప్రారంభానికి పెద్ద నాయకుడెవరో వచ్చిన రోజు స్టేజీ మీద ఒక కుర్చీ తక్కువైంది. తమ్ముడు ఎక్కడ కూర్చోవాలా అని చూస్తుంటే అన్నయ్య, "కుర్చీ లేదులే, నువ్వు కాసేపు నిలబడు" అన్నాడు. అనడం మామూలుగానే అన్నాడు. కానీ చేతిలో మైకు ఉంది, మైకు ఆన్‌లో ఉంది. ఊరంతా విన్నది. పొలాల్లో మిరపకాయలు కోసేవాళ్ళు కూడా విన్నారట. తమ్ముడు స్టేజీ దిగి ఇంటికి వెళ్ళిపోయాడు. ఆనాటి నుంచి మా అన్నయ్య వాడికి "ఆయన". తమ్ముడు అన్నయ్యకు "వాళ్ళు".

అలాంటి తమ్ముడు, అన్నయ్య చేపలకు వెళుతున్నాడని తెలియగానే తనకు కూడా చిన్నప్పటి నుంచి చేపలంటే ప్రాణమని గుర్తు తెచ్చుకున్నాడు. ఫోన్లో చూసి రాడ్డు తెప్పించాడు. దానికి రీలు, రంగురంగుల రబ్బరు చేపలు, వాటికొక పెట్టె, నెత్తికి టోపీ, కళ్ళద్దాలు. మంచులో ఏమీ కనపడని పొద్దున నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని మా వాకిట్లో బండి దిగితే, మా ఆయన కాసేపు ఎవరో సర్వేకి వచ్చారనుకున్నాడు.

ఇద్దరికీ టిఫిన్లు పెట్టాను. ఒకరికి వసారాలో, ఒకరికి వంటింట్లో. ఇద్దరూ అదే బండ దగ్గరికి వెళ్ళారు. రిజర్వాయరు ఒడ్డు మైళ్ళ కొద్దీ ఉంది. కానీ ఆ బండ వదిలి ఇంకోచోట కూర్చుంటే ఎదుటివాడికి భయపడినట్టు. బండకు ఆ కొస ఒకరు, ఈ కొస ఒకరు కూర్చున్నారు. మధ్యలో మా ఆయన్ని కూర్చోబెట్టారు, ఒకరి మాట ఒకరికి చేరవెయ్యడానికి. "బావగారూ, గాలం ఇటు విసరొద్దని చెప్పండి" అని ఒకరంటే, "బావా, ఈ నీళ్ళు ఎవరి పేరు మీద రాయించుకున్నారో కనుక్కో" అని ఇంకొకరు. చేతికందే దూరంలో కూర్చున్న మనుషుల మధ్య మా ఆయన రోజంతా తపాలా పని చేశాడు. రెండు ఆదివారాలు అట్లా గడిచాక ఆయనకు నడుం నొప్పి వచ్చింది. మిర్చి చేలో మందు డబ్బా వీపుకెత్తుకుని తిరిగినప్పుడు రాని నొప్పి, బండ మీద కూర్చుంటే వచ్చిందట. డాక్టరు దగ్గరికి పోదామంటే ఆదివారం విశ్రాంతి తీసుకుంటే చాలన్నాడు.

ఆ పని నాకొచ్చింది. ఊటీ నుంచి తెచ్చుకున్న ఉన్ని శాలువా ఒకటి కప్పుకుని, ఫ్లాస్కు పట్టుకుని వెళ్ళి మధ్యలో కూర్చునేదాన్ని. నేను మా ఆయనంత నెమ్మదస్థురాలిని కాను. మొదట్లో మాటలు ఉన్నవి ఉన్నట్టు చేరవేశాను. తర్వాత విసుగొచ్చి కొన్ని మింగేశాను. కొన్నాళ్ళకు సొంతంగా కూడా కలపడం మొదలుపెట్టాను. "టీ కావాలేమో అడుగుతున్నాడు" అని అన్నయ్యతో అన్నాను, తమ్ముడు అడగకపోయినా. అన్నయ్య నా మొహం చూసి, "వాడు అట్టా అడిగే రకం కాదులే" అన్నాడు. ఇరవై ఏళ్ళు క్లాసులో అబద్ధాలు కనిపెట్టిన నాకు అబద్ధం చెప్పడం రాలేదని అప్పుడు తెలిసింది.

చేపలు మాత్రం పడలేదు. అన్నయ్య గాలానికి బతికిన పరిగెను గుచ్చి వదిలి, నీళ్ళ మీద తేలే బెండు వంకే కన్నార్పకుండా చూసేవాడు. తమ్ముడు రబ్బరు చేపను విసిరి, రీలు తిప్పి లాగి, మళ్ళీ విసిరేవాడు. ఆ రీలు చప్పుడుకే చేపలు పారిపోతున్నాయని అన్నయ్య నాతో చెప్పించేవాడు. ఆ పరిగె వాసనకు చేపలు దరి రావడం లేదని తమ్ముడు బదులు చెప్పించేవాడు. ఒకసారి తమ్ముడి గాలపు ముల్లు నా శాలువాకు తగులుకుంది. ఆ చలికాలం మొత్తంలో అప్పటికి వాడు పట్టింది అదొక్కటే.

ధనుర్మాసంలో ఒక ఆదివారం మంచు చాలా దట్టంగా పట్టింది. రోడ్డు ఎక్కడ ఆగిందో, నీళ్ళు ఎక్కడ మొదలయ్యాయో తెలియలేదు. ముగ్గురం బండ మీద మూడు మూటల్లా కూర్చున్నాం. ఎండ పొడ వచ్చాక మంచు విడివడింది. నీళ్ళ మీద పొగలు లేచాయి. ఉన్నట్టుండి నీటికాకులు ఎక్కడి నుంచో గుంపుగా వచ్చి మా ఎదురుగా నీళ్ళలో మునగడం మొదలుపెట్టాయి. వాటి మధ్యలో పరిగెలు ఎవరో గుప్పెడు గుప్పెడు విసిరినట్టు పైకెగిరి పడుతున్నాయి. కింద ఏదో వాటిని తరుముతోంది.

అన్నయ్య లేచాడు. తమ్ముడూ లేచాడు. ఇద్దరూ ఒకే చోటికి విసిరారు. అన్నయ్య బెండు నీళ్ళ మీద నిలబడీ నిలబడక ముందే మునిగిపోయింది. వెదురు గాలం వంగింది. అదే సమయంలో తమ్ముడి రీలు కీచుమంటూ తిరగసాగింది. ఇద్దరి మొహాలూ వెలిగిపోయాయి. ఎవరి చేప వాళ్ళదే అనుకున్నారు. నేనూ అట్లాగే అనుకున్నాను. ఇంటికి రెండు వాలుగలు వస్తే రెండు రకాలుగా వండాలి కాబోలు అని దిగులు పడ్డాను కూడా.

చేప ఎడమకు పోతే రెండు దారాలూ ఎడమకు పోయాయి. కుడికి తిరిగితే రెండూ కుడికి తిరిగాయి. మధ్యలో కూర్చున్న నేను వాటి కింద తలవంచుకుని, చేతుల మీద పాకుతూ బండ దిగాను. అప్పుడది ఒక్కసారి నీళ్ళ మీద పొర్లింది. తెల్లటి పొట్ట, నా చెయ్యి పొడుగు కంటే ఎక్కువే. ఒకటే చేప. అన్నయ్య దారం దాని నోట్లోకి పోయింది. తమ్ముడి ఎర్ర రబ్బరు చేప దాని దవడకు పక్కన వేలాడుతోంది.

ఇద్దరూ చూశారు. చూసి, ఇంకా గట్టిగా లాగారు. ఒకరు తూర్పుకు, ఒకరు పడమటికి.

"వదలరా దారం. తెగిద్ది," అన్నాడు అన్నయ్య.

"నువ్వే వదులు. ముందు పట్టింది నాది," అన్నాడు తమ్ముడు.

నేను అలవాటుగా అన్నయ్య మాట తమ్ముడికి చెప్పబోయి ఆగిపోయాను. నా అవసరం లేకుండా ఒక మాట అటు వెళ్ళింది, ఒక మాట ఇటు వచ్చింది. ఎన్నేళ్ళకు మాట్లాడుకున్నారో, మాట్లాడుకున్నది ఏమిటో చూడండి.

ఇంతలో చేప పాత ఊరి కరెంటు స్తంభం చుట్టూ తిరిగింది. ఆ స్తంభం విరిగి, ఒడ్డుకు కొంచెం దూరంలో నీళ్ళలో వాలి ఉంటుంది. రెండు దారాలూ దానికి చుట్టుకుని బిగుసుకుపోయాయి. ఎటు లాగినా రాదు. తమ్ముడు చెప్పులు విడిచి, రాడ్డు నా చేతికిచ్చి, రోడ్డు వెంట నీళ్ళలోకి దిగాడు. మోకాళ్ళ దాకా ఫర్వాలేదు. నడుం దాకా ఫర్వాలేదు. స్తంభాన్ని పట్టుకుని తన దారం విప్పి, చేతికి చుట్టుకుని వెనక్కి తిరిగాడు. రోడ్డు పక్కనే పాత మురుగు కాలవ ఉండేదని నాకు గుర్తొచ్చి అరిచేలోగా వాడి కాలు దాంట్లో పడింది. టోపీ ఒకటే నీళ్ళ మీద కనపడింది.

మా పుట్టింట్లో ఎవరికీ ఈత రాదు. నీళ్ళు లేని ఊళ్ళో పుట్టినవాళ్ళం. అన్నయ్య చేతిలోని గాలం విసిరేశాడు. బీపీ ఉన్న మనిషి, పంచె కూడా ఎగ్గట్టకుండా నీళ్ళలోకి పరిగెత్తాడు. అంత చన్నీళ్ళలో ఛాతీ దాకా దిగి, వాడి జర్కిను కాలరు వెనక నుంచి దొరకబుచ్చుకుని లాగాడు. తమ్ముడు నోట్లోంచి నీళ్ళు కక్కుతూ లేచి అన్నయ్య మెడ పట్టుకున్నాడు. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని తూలుకుంటూ ఒడ్డుకు వస్తున్నారు. అన్నయ్య మొహం సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. ఆ మొహం నేను అంతకు ముందు ఎప్పుడూ చూడలేదు.

తమ్ముడు మాత్రం దారం వదల్లేదు. ప్రాణం పోతున్నప్పుడు కూడా చేతికి చుట్టుకున్న దారం చుట్టుకున్నట్టే ఉంది. వాడి వెనకే వాలుగ కూడా, అలిసిపోయి, వాళ్ళతో పాటు నడిచి వస్తున్నట్టు వచ్చింది. లోతు తక్కువలోకి రాగానే దానికి ఓపిక తిరిగొచ్చి తోకతో బాదడం మొదలుపెట్టింది. ఇద్దరూ ఒగరుస్తూ బురదలో కూలబడ్డారు, దాన్ని పట్టుకునే స్థితిలో లేరు. నేను రాడ్డు పడేసి, శాలువా తీసి దాని మీద కప్పి, వేరే దారి తోచక, దాని మీద కూర్చున్నాను. స్కూలు పిల్లలెవరూ చూడలేదు గనక సరిపోయింది. అది నా కింద కాసేపు ఎగిరెగిరి ఆగిపోయింది.

మనిషి బతికి బయటపడ్డాడు. ఇప్పుడు ఏడ్చుకుని, కావిలించుకుని, దేవుడికి దణ్ణం పెట్టుకుంటారని నేను చూస్తున్నాను. అన్నయ్యకు ఊపిరి అందగానే చేప తనదేనన్నాడు. తన పరిగెను మింగింది, తన ముల్లు దాని గొంతులో ఉంది, రబ్బరు ముక్క పక్కనుంచి పోతూ గీరుకుంది అంతే అన్నది ఆయన వాదన. తమ్ముడు దగ్గుతూనే, గొంతులో ముల్లున్న దారం వదులై ఎప్పుడో వేలాడిందనీ, దవడకు తగిలిన తన ముల్లే దాన్ని ఒడ్డుకు లాక్కొచ్చిందనీ అన్నాడు. పైగా నీళ్ళలోకి దిగింది తను అన్నాడు. దిగినవాణ్ణి తీసింది ఎవరని అన్నయ్య అడిగాడు. కాలనీ దాకా ఎక్కే దారంతా అదే పంచాయితీ. నేను శాలువాలో చుట్టిన వాలుగను చంటిబిడ్డలా మోసుకుంటూ వాళ్ళ వెనక నడిచాను. నన్ను ఎవరూ ఏమీ చెప్పమనలేదు. తిట్లు ఆపకుండానే అన్నయ్య తన భుజం మీది తువ్వాలు పిండి వాడి తల తుడవడం, వాడు తల వంచి తుడిపించుకుంటూనే ఎదురు చెప్పడం చూశాను.

ఇంటికొచ్చాక తీర్పు మా ఆయన్ని అడిగారు. ఆయన నడుం నొప్పి మరిచిపోయి మంచం మీద లేచి కూర్చుని అంతా విన్నాడు. "గాలాలు మీవే. కానీ దాని మీద కూర్చుని ఆపింది మా ఆవిడ గదా. చేప మాదే," అన్నాడు. ఇద్దరికీ ఈ తీర్పు నచ్చలేదు. నచ్చకపోవడంలో మొదటిసారి ఒకటయ్యారు.

తర్వాత ఫోటోలు. ఎవరికి వాళ్ళు చేపతో ఒంటరిగా ఫోటో దిగాలి. కానీ అది బరువు, జారుడు, ఒకరే పట్టుకుంటే నిలవడం లేదు. అన్నయ్య ఫోటోకు తమ్ముడు తోక పట్టుకున్నాడు, తమ్ముడి ఫోటోకు అన్నయ్య తల పట్టుకున్నాడు. ఇద్దరూ ఎదుటివాడు కనపడకుండా కత్తిరించి స్టేటస్ పెట్టుకున్నారు. అన్నయ్య ఫోటోలో పక్క నుంచి ఒక చెయ్యి, తమ్ముడి ఫోటోలో పక్క నుంచి ఒక తడి పంచె మిగిలిపోయాయి. ఊళ్ళోవాళ్ళు రెండూ చూసి, అన్నదమ్ములిద్దరికీ చెరొక వాలుగ పడిందని మెచ్చుకున్నారు.

నేను చింతపండు పులుసు పెట్టాను. వసారాలో ఒకరికి, వంటింట్లో ఒకరికి వడ్డించబోతే ఇద్దరూ అప్పటికే వసారాలో కూర్చుని ఉన్నారు, ముల్లు గొంతులోదా దవడదా అన్నది తేలలేదు గనక. తల ముక్క కోసం మళ్ళీ గొడవ అవుతుందని నేను అది ముందే మా ఆయనకు వేసేశాను. తిన్నాక అన్నయ్య పులుసులో ఉప్పు ఎక్కువైందన్నాడు. తమ్ముడు అవునన్నాడు. చలిలో పాక్కుంటూ, చేప మీద కూర్చుని, దాన్ని మోసుకొచ్చి, బూడిద రాసి కడిగి, కోసి వండిన మనిషికి అన్నదమ్ములు కలిసి ఇచ్చిన బహుమానం అది.

శాలువా మూడుసార్లు ఉతికినా వాసన పోలేదు. ఇప్పుడు అది మా కుక్కకు చాలా ఇష్టమైన వస్తువు.

ఆ వారం మధ్యలో మండలాఫీసులో ఏదో పని ఉందంటూ అన్నయ్య వచ్చాడు. వచ్చి పని సంగతి ఎత్తలేదు. టీ తాగాడు, పేపరు తిరగేశాడు, మా కాలనీ నీళ్ళ ట్యాంకు గురించి మాట్లాడాడు. నేను వంటింట్లోకి వెళితే వెనకే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏమే, వాడికి జరమేమన్నా వచ్చిందంటనా? చన్నీళ్ళలో మునిగాడు గదా. కనుక్కొని చెప్పు," అన్నాడు గొంతు తగ్గించి.

"ఎదురింట్లోనే గదన్నయ్యా ఉంటాడు. నువ్వే అడగరాదా," అన్నాను.

"ఇంట్లోంచి బయటికి రాలా. రెండ్రోజులైంది. బండి కూడా తియ్యలా."

అంటే రెండు రోజులుగా ఎదురింటి గుమ్మం వంక చూస్తూ కూర్చుని, ఆ వీధి దాటలేక, ఇంత దూరం కారేసుకుని నా దగ్గరికి వచ్చాడు. నాకు నవ్వొచ్చింది, జాలీ వేసింది. ఆ వారం మాటలు మొయ్యడానికి నాకు ఓపిక లేదు. పరీక్ష పేపర్లు దిద్దాలి, పప్పు పొయ్యి మీద ఉంది. నా చేతులకు పిండి అంటింది, నువ్వే చెయ్యి అన్నాను. ఆయన జేబులోంచి ఫోను తీసి నొక్కాడు. పేరు వెతకలేదు. నెంబరే ఒక్కొక్కటి నొక్కాడు, ఎక్కడా ఆగలేదు.

"ఏరా, జరం వచ్చిందా?"

అవతల ఏం చెప్పాడో నాకు వినపడలేదు. అన్నయ్య కొంచెంసేపు ఊ కొట్టాడు. మాత్ర వేసుకున్నావా అన్నాడు. గురజాలలో ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళాలో చెప్పాడు. ఆ డాక్టరు కాదు ఇంకొకాయన మంచివాడని అటు నుంచి అన్నట్టున్నాడు, అన్నయ్య గొంతు పెరిగింది. ఆ ఇంకొకాయన గురించి ఆయనకున్న అభిప్రాయం చెప్పాడు. అక్కడి నుంచి మాట ఎట్లా తిరిగిందో తిరిగింది, మళ్ళీ గొంతులో ముల్లు దగ్గరికే వచ్చింది. పరిగెను మింగిన చేప పరిగె వేసినవాడిది కాకుండా ఎవరిదని అడుగుతున్నాడు. అడుగుతూ వసారాలోకి, వసారాలోంచి వాకిట్లోకి వెళ్ళిపోయాడు. పొలం నుంచి వస్తున్న మా ఆయన గేటు దగ్గర ఆగి, బీపీ పెరిగేటట్టుంది, ఫోను తీసుకోమని నాకు సైగ చేశాడు.

వద్దని చెయ్యి ఊపాను. పప్పు దించి తాలింపు పెట్టాను. అది అయ్యేదాకా వాకిట్లో ఆ గొంతు అట్లా వినపడుతూనే ఉంది.